చెన్నైలో ధనుర్మాసపు కచేరీలా, ఎగ్మూరు మ్యూజియమా?

కళల కోసం చెన్నై వచ్చే మన బంధువులు ఏటా అడిగే ప్రశ్న ఇది.

ఖర్చు: సభలలో, అంటే కర్ణాటక సంగీత కచేరీలు జరిపే సంస్థల వేదికలలో, మధ్యాహ్నపు కచేరీలకు చాలాచోట్ల ప్రవేశం ఉచితం, ప్రముఖుల సాయంత్రపు కచేరీలకు టికెట్టు కొనాలి. మ్యూజియానికి కొద్దిపాటి రుసుము చాలు.

శ్రమ: కచేరీలకు ముందుగా పట్టిక చూసుకొని సభ నుంచి సభకు తిరగాలి. మ్యూజియానికి ఒక పూట పడుతుంది.

ఇబ్బంది: డిసెంబరులో వాన పడవచ్చు, మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ఇక దక్కే అనుభవం మాటకొస్తే, 1851లో ఏర్పడిన ఆ మ్యూజియంలో చోళుల కంచు విగ్రహాలతో పాటు, కృష్ణా తీరాన అమరావతి స్తూపాన్ని అలంకరించిన సున్నపురాతి ఫలకాలు కూడా ఉన్నాయి; మన నేల శిల్పాన్ని ఇంత దూరం వచ్చి చూస్తున్నప్పుడు నాకు ప్రతిసారీ గర్వమూ, దిగులూ కలిసే కలుగుతాయి. సభలలోనైతే త్యాగరాజస్వామి తెలుగు కృతులను తమిళ విద్వాంసులు భక్తితో పాడుతుండగా, తెలుగు రాని శ్రోతలు సైతం తాళం వేస్తూ లీనమవుతారు.

పిల్లలతో ఒక్కరోజుకే వచ్చేవారికి మ్యూజియమే తగినది. సంగీతంపై మక్కువ, వారం రోజుల తీరిక ఉన్నవారు మాత్రం డిసెంబరు నడుమనే రావాలి. అప్పుడు ఒక ఉదయం ఎగ్మూరుకూ కేటాయించవచ్చు.