మోకాలు కూర్చోమంటే పిక్కలు లేవమంటాయి: ఆరేళ్ళలో నాకు ఏది పనికొచ్చింది

నాకు 52 ఏళ్ళు. సామర్లకోట నుంచి వచ్చి బెంగళూరులో 24 ఏళ్ళుగా ఉంటున్నాం. రామమూర్తి నగర్‌లో లిఫ్ట్ లేని మూడో అంతస్తు, 54 మెట్లు. బెళ్ళందూరులో ఒక కంపెనీ అకౌంట్స్‌లో ఉద్యోగం. కుడి మోకాలు నొప్పి 2019లో మొదలైంది. రాత్రిపూట కాళ్ళు పీకడం అంతకుముందు నుంచే ఉంది గానీ దానికి రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అని ఓ పేరుందని తర్వాతెప్పుడో తెలిసింది. ఈ ఆరేళ్ళలో కొన్నవీ మింగినవీ రాసుకున్నవీ కట్టుకున్నవీ అన్నీ లెక్కేస్తే ఒక పాత స్కూటీ వచ్చేది. అందులో ఏది నిలిచింది, ఏది అటకెక్కింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ జంట ఎలాంటిదో చెప్పాలి. మోకాలు నొప్పి అనగానే డాక్టరూ, పక్కింటివాళ్ళూ, మా అత్తగారూ చెప్పేది ఒకటే: కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చో. కూర్చుంటే పది నిమిషాల్లో పిక్కలు మొదలెడతాయి. దాన్ని నొప్పి అనలేను, తిమ్మిరి అనీ అనలేను. గోలీ సోడా కొట్టగానే సీసాలో పొంగుతుందే, అలా ఎముక లోపల ఏదో బుసబుసలాడుతుంది. కాలు కదిపితే ఆగుతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. లేచి నడిస్తే హాయిగా ఉంటుంది. కానీ నడిస్తే మోకాలు ఊరుకోదు. రాత్రి ఒంటిగంటకి సోఫాకీ టీవీకీ మధ్య కుంటుకుంటూ పచార్లు చేసే ఆడమనిషిని చూస్తే దొంగ కూడా జాలిపడి వెళ్ళిపోతాడు.

చిన్నప్పుడు కూర్చుని కాళ్ళు ఊపితే ఇంటికి అరిష్టమని మా నాయనమ్మ తొడమీద ఒక్కటి వేసేది. అదే నాయనమ్మ రాత్రయ్యేసరికి పిల్లలందరినీ పిలిచి కాళ్ళు పట్టించుకునేది. పిక్కల మీద ఎక్కి తొక్కితే పది పైసలిచ్చేది. మేం పడుకున్నాక పాత చీర చింపిన పేలికలు రెండు కాళ్ళకీ బిగించి కట్టుకునేది. న్యూరాలజీ డాక్టరు "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగినప్పుడు నాకు ఆ పేలికలే కళ్ళముందు కనిపించాయి. ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బేనట. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అనే పేరు 1945 ప్రాంతంలో ఎక్‌బామ్ అనే స్వీడన్ డాక్టరు పెట్టాడు. థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు డాక్టరు 1672లోనే దీని గురించి రాశాడట. మా నాయనమ్మకి మాత్రం అది కాళ్ళపీకుడు, అంతే.

మోకాలి సంగతికొస్తే, 2017లో అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కినదాన్ని. మోకాలి మెట్టు దగ్గర అందరూ మోకాళ్ళ మీద ఎక్కుతుంటే నేనూ ఓ పది మెట్లు అలాగే ఎక్కాను. రెండేళ్ళు తిరిగేసరికి మా ఇంటి 54 మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కడం కన్నా దిగడమే కష్టం, ఇది ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో అరుగుదల రెండో గ్రేడు అన్నారు, మొత్తం నాలుగు గ్రేడులుంటాయి. గుజ్జు అరిగింది అన్న మాట మా చుట్టాల్లో చేరి సామర్లకోట వెళ్ళేసరికి "దానికి గుజ్జు మొత్తం అయిపోయిందంట" అయింది. ఒక ఆస్పత్రిలో అయితే మోకాలి మార్పిడికి ప్యాకేజీ రేట్ల కాగితం చేతిలో పెట్టి పంపారు. అప్పటికి నాకు 46. ఇంకో ఎముకల డాక్టరు ఆ కాగితం చూసి నవ్వి, మడిచి వెనక్కిచ్చి, ఫిజియోథెరపీకి రాశాడు. నేను వెంటనే వెళ్ళలేదు. ముందు బజారు మీద పడ్డాను.

మోకాలికి గొట్టంలా తొడుక్కునే సాదా నీ-క్యాప్ మంచిదే. నాలుగు వందలకి కొన్నాను, ఎనిమిది నెలలకోటి మారుస్తాను, ఉతికితే సాగిపోతుంది. మెట్లకీ, కూరగాయల మార్కెట్‌కీ, ప్రయాణానికీ వేసుకుంటాను. మోకాలి బరువు అది మోయదు గానీ కాలు జాగ్రత్తగా పెట్టాలని గుర్తు చేస్తూ ఉంటుంది, నాకు అదే చాలు. రాత్రి మాత్రం వేసుకోకండి. ఆ బిగుతుకి నా పిక్కలు రెట్టింపు గోల చేశాయి. నాయనమ్మకి బిగింపు ఎలా పడిందో ఆవిడకే తెలియాలి. రెండు పక్కలా లోహపు పట్టీలున్న పెద్ద బ్రేస్ కూడా 2,200 పెట్టి కొన్నాను. దాని వెల్క్రో చీర కుచ్చిళ్ళని పట్టుకుని వదలదు. ఒక పెళ్ళిలో అక్షింతలు వేయడానికి లేచేసరికి మంగళగిరి చీర అంచు దారాలు లేచిపోయాయి. దానికి మూడు వారాలే ఆయుష్షు.

డైక్లోఫెనాక్ జెల్ పని చేస్తుంది, గంటా రెండు గంటలు. ఊరికే పూసి వదిలేయకుండా మెల్లగా ఇంకేదాకా రుద్దాలి. నొప్పి మాత్రలు వరసగా పది రోజులు వేసుకున్నప్పుడు బీపీ 150 దాటింది. అప్పటి నుంచి అవి పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ మాత్రమే, అదీ డాక్టర్ని అడిగాకే. నూనెలు అన్నీ వాడాను. మా అమ్మ పంపే వావిలాకు వేసి కాచిన వేడినీళ్ళ కాపడమే వాటన్నిటికన్నా హాయి. గుజ్జు ఏం పెరగలేదు, కానీ ఆ పావుగంట సుఖానికి వంక పెట్టను. గుజ్జుకి మంచిదని అమ్మే గ్లూకోసమైన్ గోలీలు ఏడాది మింగాను, ఏమీ తేడా లేదు.

చివరికి ఫిజియోథెరపీకి వెళ్ళాను. ఆ అమ్మాయిది మైసూరు వైపు. మోకాలి చిప్ప మీద వేలు పెట్టి "నోవు ఇదెయా?" అంటుంది, నేను "నొప్పి ఉంది" అంటాను, ఇద్దరికీ అర్థమవుతుంది. మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి పది అంకెలు లెక్కపెట్టమంది. ఇలా పదిసార్లు. తర్వాత కాలు నిటారుగా జానెడు ఎత్తి ఆపడం. ఆ తర్వాత చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఇంతేనా అనిపించింది, ఇంత దానికి ఫీజా అని కూడా అనిపించింది. రెండు వారాలు నొప్పి ఎక్కువైంది. మానేసి, మావారు ఆటపట్టిస్తే మళ్ళీ మొదలుపెట్టాను. ఆరో వారం నుంచి కాలికి బరువు కట్టమంది. కొనడమెందుకని కిలో కందిపప్పు ప్యాకెట్ చున్నీలో చుట్టి మడమ పైన కట్టుకున్నాను. ఒకరోజు ప్యాకెట్ చిరిగి పక్క మీదంతా పప్పే. ఆ రాత్రి దుప్పటి దులిపి, ఏరి, కడిగి మర్నాడు పప్పుచారు పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను.

మూడో నెలలో ఓ సాయంత్రం పాలప్యాకెట్టు కోసం కిందికెళ్ళి వచ్చాను. ఇంట్లోకొచ్చాక గమనించాను, రెయిలింగ్ పట్టుకోలేదని. తొడముందు కండ బలపడితే మోకాలి మీద పడే బరువు అది పంచుకుంటుందట. మెట్ల గురించి ఆ అమ్మాయి చెప్పిన ఇంకో చిట్కా: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. డబ్బులు పెట్టి కొన్న దేనికన్నా ఈ రెండే ఎక్కువ పని చేశాయి. బరువు విషయం కూడా తనే చెప్పింది. ఒంట్లో కిలో తగ్గితే ప్రతి అడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. 74 నుంచి తగ్గడం మొదలుపెట్టాను.

ఇక రాత్రుల సంగతి. ఇక్కడే నేను ఎక్కువ దెబ్బతిన్నాను. 2021లో ఒక డాక్టరు ప్రామిపెక్సోల్ రాశారు, రాత్రి ఒక చిన్న మాత్ర. మొదటి రాత్రే ఆరు గంటలు పడుకున్నాను. పొద్దున లేచి మావారితో "దేవుడండీ ఆయన" అన్నాను. పది నెలలు రాజభోగం. తర్వాత రాత్రి పదికి వచ్చేది ఎనిమిదికి రావడం మొదలైంది. డోసు పెంచారు. బాగుంది. మళ్ళీ ఆరుకి. మళ్ళీ పెంచారు. చివరికి మధ్యాహ్నం నాలుగుకే ఆఫీసు టేబుల్ కింద చెప్పులు విప్పి కాళ్ళు నేలకేసి రుద్దుకునేదాన్ని. మోచేతుల్లో కూడా అదే బుసబుస. ఆఫీసు క్యాబ్ సాయంత్రం టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఆగిందంటే ఆగినట్టే. చుట్టూ బండ్లు, వెనక సీట్లో మధ్యలో నేను, చాపడానికి లేదు, దిగడానికి లేదు. ఒకరోజు దిగేసి ఇంటిదాకా నడిచేశాను. మోకాలు మూడు రోజులు వాచింది.

అది మందు చేసిన పనేనని 2023లో ఇంకో ఆస్పత్రిలో న్యూరాలజీ డాక్టరు చెప్పేదాకా తెలియదు. ఈ రకం మందులు మొదట బాగా పని చేసి, కాలం గడిచేకొద్దీ కొందరిలో జబ్బునే ముందుకు తోస్తాయట, వేళా పెరుగుతుంది, చోటూ పెరుగుతుంది. దాన్ని ఆగ్మెంటేషన్ అంటారు. అమెరికా నిద్ర వైద్యుల సంస్థ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ మందుని మామూలుగా ముందే వాడొద్దనీ, ఇనుము సంగతి చూడమనీ, గాబాపెంటిన్ తరహా మందులు వాడమనీ ఉంది. ప్రామిపెక్సోల్ ఒక్కసారిగా ఆపకూడదు. నాకు మూడు నెలలు పట్టింది తగ్గించుకుంటూ రావడానికి, ఆ మూడు నెలలు ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేను మాట్లాడనివ్వలేదు. బదులుగా ఇచ్చిన, గాబాపెంటిన్ తరహాదే అయిన ప్రీగాబాలిన్ నిద్ర పట్టించింది, పొద్దున్నే తల తూలించింది, నాలుగు నెలల్లో మూడు కిలోలు పెంచింది. కష్టపడి దించిన బరువు మందుతో ఎక్కితే ఏడుపొచ్చింది. ఇప్పుడు తక్కువ డోసులో ఉన్నాను. ఎంత అన్నది రాయను, నాది చూసి మీరు వేసుకోవద్దు.

ఆ డాక్టరు మొదటి రోజే రెండు ప్రశ్నలడిగారు. ఒకటి, జలుబుకి ఏం వాడతారు? ఈ ఊళ్ళో ఎవరికి లేదండీ తుమ్ములు. ముక్కు కారినప్పుడల్లా రాత్రి మగతగా నిద్రపట్టే జలుబు మాత్ర వేసుకునేదాన్ని, నిద్ర కూడా వస్తుంది కదా అని. అలాంటి మగత అలర్జీ మాత్రలు ఈ కాళ్ళపీకుడుని పెంచుతాయట. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు కూడా. నాకు అర్థం కానిదల్లా, ఇన్నాళ్ళు ఇంతమందికి చీటీలు చూపిస్తే ఒక్కరూ ఈ మాట ఎందుకు అడగలేదన్నది. మగత రాని అలర్జీ మాత్రకి మార్చారు. వారంలో తేడా తెలిసింది.

రెండో ప్రశ్న ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, ఎప్పుడైనా చూపించారా అని. ఎప్పుడూ హిమోగ్లోబినే చూసేవారు, అది 12.2, బాగానే ఉందనేవారు. ఫెరిటిన్ 19 వచ్చింది. ల్యాబ్ కాగితం ప్రకారం అదీ నార్మలే, పక్కన గుర్తు కూడా పెట్టలేదు. కానీ ఈ జబ్బున్నవాళ్ళకి 75 పైన ఉంటే మంచిదని చెప్పారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారవ్వడానికి ఇనుము కావాలి, రక్తంలో సరిపోయినంత ఉన్నా నిల్వ లేకపోతే అక్కడికి అందదట. నెలసరి ఆగే ముందు రెండేళ్ళు నాకు విపరీతంగా పోయింది. ఆ లెక్క అక్కడ తేలింది.

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు రాశారు. అలా వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందట, పొట్టకీ సుఖం. సగం నిమ్మకాయ పిండిన నీళ్ళతో వేసుకుంటాను. అటు రెండు గంటలు ఇటు రెండు గంటలు కాఫీ టీ లేవు. నాకు ఇదే పెద్ద శిక్ష, సాయంత్రం ఫిల్టర్ కాఫీ మూడున్నరకే తాగేస్తున్నాను. క్యాల్షియం మాత్ర మధ్యాహ్నానికి మార్చాను, రెండూ కలిపితే ఇనుము పట్టదు. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. మలబద్ధకానికి రాత్రి నానబెట్టిన ఎండు ద్రాక్ష. మూడో నెలలో కాళ్ళు కాస్త నెమ్మదించాయి. తొమ్మిదో నెలకి ఫెరిటిన్ 84. మళ్ళీ పడిపోతుందేమోనని ఆరు నెలలకోసారి చూపిస్తున్నాను, ఎక్కువైనా మంచిది కాదట, కాబట్టి ఊరికే మింగేది కాదు ఇది.

ఇప్పుడెలా ఉందంటే, నెలలో మూడు నాలుగు రాత్రులు లేస్తాను. పీకితే చల్లటి నీళ్ళు పిక్కల మీద పోసుకుని, బాత్రూమ్ గోడకి చేతులానించి పిక్కలు సాగదీస్తాను, ఐదు నిమిషాలకి ఊరుకుంటాయి. బరువు 69. మోకాలు వర్షాకాలంలో పట్టేస్తుంది, కింద కూర్చోవడం ఇంకా లేదు. వరలక్ష్మీ వ్రతం రెండేళ్ళుగా కుర్చీ మీదే చేస్తున్నాను. పోయినసారి వాయనం తీసుకోవడానికొచ్చిన ఒకావిడ "కుర్చీ మీద చేస్తే ఫలం దక్కుతుందంటారా?" అంది. మా అత్తగారే "అమ్మవారు కూడా పీట మీదేగా కూర్చుంది" అని నోరు మూయించారు.

ఊరికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లోనే వెళ్తాం. ఒకప్పుడు గూడూరు దాటి లైట్లు ఆర్పాక బోగీ ఈ చివర నుంచి ఆ చివరకి నడవడమే నా పని. టీసీ రెండుసార్లు అడిగాడు కూడా, ఏం పోయిందమ్మా అని. పోయిన సంక్రాంతికి కింద బెర్తు, నడవా పక్కది చూసుకుని బుక్ చేశాం. విజయవాడలో ఒక్కసారి లేచాను, ప్లాట్‌ఫాం మీద కాసేపు నడిచి వచ్చి పడుకుంటే గోదావరి బ్రిడ్జి చప్పుడుకి గానీ మెలకువ రాలేదు.

అటక మీద ఉన్న ఆ లోహపు పట్టీల బ్రేస్ ఇంకా కొత్తదే, వెల్క్రో బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. చీరలు కట్టనివాళ్ళెవరైనా రామమూర్తి నగర్ వైపు ఉంటే వచ్చి పట్టుకెళ్ళండి. సైజు ఎల్, కుడికాలిది.