టీబీఎం కార్మికులకు రెండు రోజుల భద్రతా శిక్షణ: రాజమహేంద్రవరం

అమలాపురం, రావులపాలెం ప్రాంతాల నుంచి సొరంగం పనులకు వెల్డర్లను, ఎలక్ట్రీషియన్లను పంపే మేస్త్రీని నేను. ఈసారి మా వాళ్లు బయలుదేరే ముందు వారిని రాజమహేంద్రవరంలోని ఒక ప్రైవేటు కేంద్రంలో భద్రతా శిక్షణకు చేర్పించి, నేనూ వెంట కూర్చున్నాను. టన్నెల్ బోరింగ్ మిషన్ (టీబీఎం), అంటే సొరంగం తొలిచే భారీ యంత్రం మీద పనిచేసేవారి కోసమే రూపొందించిన తరగతి అని చెబుతారు. చాలా వరకు అది నిజమే.

రాతిని తొలిచే కట్టర్లు అరిగినప్పుడు వాటిని మార్చడానికి, మిషన్ ముందు భాగంలో తిరిగే తలలోకి దిగే పనిని వారు నేర్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. కరెంటు ఆపిన తరువాత లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరూ స్విచ్చుకు తన తాళం తాను వేసి, తాళంచెవిని తన జేబులోనే ఉంచుకోవాలి. చివరి మనిషి బయటికి వచ్చి తన తాళం తీసేదాకా ఆ తల తిరగకూడదు. దీన్ని మాటలతో సరిపెట్టకుండా అందరి చేతా చేయించారు.

గాలి విషయంలోనూ లోటు లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుందని, అది 19.5 కంటే తగ్గితే ఆగకుండా బయటికి రావాలని, మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుందని నిదానంగా చెప్పారు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో జరిగిన గ్యాస్ పైప్‌లైన్ పేలుడు ఎరిగిన మా కోనసీమ కుర్రాళ్లు ఆ భాగాన్ని కదలకుండా విన్నారు. వడపోత రకం సెల్ఫ్ రెస్క్యూయర్ (ప్రమాదంలో తప్పించుకోవడానికి తొడుక్కునే మాస్కు) కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును మాత్రమే ఆపుతుందని, ఆక్సిజన్ తగ్గిన చోట అది అక్కరకు రాదని, అక్కడ తానే ఆక్సిజన్ పుట్టించే రకం కావాలని వివరించి, కళ్లకు గుడ్డ కట్టి మరీ తొడిగించారు. గ్యాస్ డిటెక్టర్‌ను మాత్రం పరీక్షా గ్యాస్‌తో సరిచూసి చూపించలేదు. రోజూ పని మొదలుపెట్టే ముందు చేయవలసిన పరీక్ష అది.

అంతకంటే పెద్ద లోపం నీటి విషయంలో ఉంది. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, ముఖద్వారం నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి నీరు, బురద ముంచెత్తినప్పుడు లోపల చిక్కిన ఎనిమిది మందిలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. అంత దగ్గరి ఘటన జరిగిన తరువాత కూడా ఊట నీటి గురించి ఈ తరగతిలో చెప్పింది చాలా తక్కువ. వరద రోజుల్లో ఏటిగట్టు కాపలా కాసే మా వాళ్లకు తేట నీటి ఊట కంటే మట్టిని మోసుకొచ్చే ఊట ఎంత ప్రమాదమో బాగా తెలుసు. సొరంగంలోనూ అంతే: ఊటతో ఇసుకో బురదో వస్తున్నదంటే పైన నేల ఖాళీ అవుతున్నదని అర్థం. ఊట రంగు మారినా, ఉన్నట్టుండి పెరిగినా ఎవరికి చెప్పాలి, మిషన్ ముందుకు ముందస్తు రంధ్రం వేసి నేలను పరీక్షించాలని అడిగే హక్కు ఎవరికి ఉంది, ఫోర్‌మన్ వినకపోతే కూలీ ఏం చేయాలి అన్నవి ఒక పూట కేటాయించి చెప్పవలసిన విషయాలు. ప్రమాదంలో తలదాచుకునే ఆశ్రయ గది గురించి ఒక బొమ్మ చూపించి వదిలేశారు.

తరగతి అంతా తెలుగులో జరిగినా, చేతికి ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది.

ఈ లోపాలున్నా మా తరువాతి జట్టును కూడా ఇక్కడికే పంపుతాను, ఎందుకంటే తాళం, మాస్కు చేతులకు అలవాటు చేసే శిక్షణ మాకు దగ్గరలో ఇంకొకటి కనబడలేదు. నీటి పాఠం చేర్చమని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. మీ మనుషులను చేర్పించేవారు డబ్బు కట్టే ముందే ఆ పాఠం ఉందో లేదో అడగండి. లేకపోతే, సొరంగంలో పనిచేసి వచ్చిన అనుభవజ్ఞుడి చేత ఒక పూట విడిగా చెప్పించండి.