హార్వర్డ్ బోల్టు చూపిస్తే జాతకం చెప్పే భీమవరం కొట్టు

పాత యుద్ధ విమానాల సామాను వెతుక్కునేవాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఎంతమంది ఉంటారో గానీ, ఉన్నవాళ్ళు మాత్రం ఈ కొట్టుకి తప్పకుండా వెళ్ళండి. ఉండి రోడ్డు వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్లకి గేర్‌బాక్సులు బాగుచేసే లేత్ షాపు అది. వెనక గదిలో మాత్రం గ్రీజు కాగితాల్లో చుట్టి పెట్టిన విమానం బోల్టులు, క్లాంపులు, మీటర్లు ఉంటాయి. ఓనరు గారు ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు.

మేం కొంతమందిమి కలిసి హార్వర్డ్ ట్రైనర్ (రెండో ప్రపంచయుద్ధం నాటి, పైలట్లకి శిక్షణ ఇచ్చే విమానం) కాక్‌పిట్ ఒకటి బాగుచేస్తున్నాం, ఎగరడానికి కాదు, స్కూలు పిల్లలు ఎక్కి కూర్చుని చూడడానికి. మాది టూ-బీ రకం. డిజైను అమెరికాలోని నార్త్ అమెరికన్ కంపెనీది, తయారీ కెనడాలో నూర్డైన్ కంపెనీది, వాడింది బ్రిటిష్ వాళ్ళు, అందుకని ఒకే కాక్‌పిట్‌లో అమెరికన్ బోల్టులూ బ్రిటిష్ మీటర్లూ కలిసి ఉంటాయి. అసలు తిరకాసంతా ఇక్కడే.

నేను తీసుకెళ్ళిన బోల్టుని ఆయన కిరసనాయిలు గుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి తల మీద గుర్తు చూశారు. "ఆయ్, ఒకదాన్నొకటి కోసుకునే గీతలు కనబడతన్నాయి కదండీ, ఇది ఏఎన్ రకం ఉక్కు బోల్టు" అన్నారు. ఏఎన్ అంటే అమెరికా ఆర్మీ, నేవీల ప్రమాణం. దాని పక్కనుండే అంకె లావుని అంగుళంలో పదహారో వంతుల్లో చెబుతుంది, అంటే ఏఎన్4 పావంగుళం. గీత తర్వాత 12 అని ఉంటే పొడవు పన్నెండు కాదు, ఒక అంగుళం మీద రెండు ఎనిమిదో వంతులు, దాదాపు అంగుళంపావు అన్నమాట. చివర ఏ అక్షరం ఉంటే కాటర్ పిన్నుకి (నట్టు ఊడిపోకుండా దూర్చే పిన్ను) బెజ్జం ఉండదు. ఇంకో బోల్టు కూడా పక్కన పెట్టాను, కంటికి రెండూ ఒకటే. ఆయన మరలు కొలిచే పిచ్ గేజ్ పళ్ళు మరల్లో ఆనించి వెలుతురుకి ఎత్తి చూపించారు, మొదటిదానికి అంగుళానికి 28 మరలు సరిగ్గా కూర్చున్నాయి, రెండోదాంట్లో సందులు కనిపించాయి. అది 26 మరల బీఎస్‌ఎఫ్, అంటే బ్రిటిష్ వాళ్ళ సన్న మరల ప్రమాణం, మర కోణం కూడా 55 డిగ్రీలు, అమెరికన్‌ది 60. ఒకదాని నట్టు ఇంకోదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది, స్పానరుతో బలవంతం చేస్తే మరలు కొట్టుకుపోతాయి.

ఆన్‌లైన్‌లో ఒక విదేశీ అమ్మకందారు దగ్గర తెప్పించుకున్న ప్యాకెట్టు కూడా చూపించాను. ఒరిజినల్ ఏఎన్ అని ఫోటో పెట్టి మెట్రిక్ బోల్టులు పంపారు, వాపసు అడిగితే జవాబే లేదు. ఈయన మాత్రం గుర్తు తేలని బోల్టుని డబ్బులిస్తానన్నా అమ్మరు.

ఆయన చెప్పిన ఇంకో మాట అందరికీ పనికొస్తుంది. నార్త్ అమెరికన్ కంపెనీ పార్ట్ నంబరులో మొదట వచ్చే అంకె, ఆ పార్టుని మొట్టమొదట ఏ మోడల్ కోసం గీశారో చెబుతుంది. తర్వాతి మోడళ్ళలో కూడా అదే పార్టు, అదే నంబరు వాడారు. కాబట్టి అంకె వేరేగా ఉందని మన విమానానిది కాదనుకుని పారేయొద్దు. మీటర్ల మీద కిరీటం, ఏ.ఎం. అక్షరాలు ఉంటే బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీవి, 6ఏ అని మొదలయ్యే నంబరు ఇన్‌స్ట్రుమెంట్లది.

ఆ పాత మీటర్ల ముళ్ళకీ అంకెలకీ రేడియం రంగు ఉండొచ్చు. ఇప్పుడు వెలగకపోయినా రేడియేషన్ పోదు, సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. ఈయన వాటి అద్దం విప్పరు, విప్పి రంగు వేయమన్నా ఒప్పుకోరు. కాడ్మియం పూత బోల్టుల్ని గరుకు కాగితంతో రుద్దనివ్వరు, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదని. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పట్టుదలే.

దొరకని బుష్‌లు డ్రాయింగు ఇస్తే లేత్ మీద తీసిస్తారు. మాకు తీసిన కంచు బుష్ చేత్తో నొక్కితే జారి కూర్చుంది. దాని మీద ఒరిజినల్ నంబరు గుద్దమంటే మాత్రం గుద్దరు, ఎగిరే విమానానికైతే సర్టిఫికెట్ ఉన్న పార్టే కొనుక్కోమని మొహం మీదే చెప్పేస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. స్టాకు లిస్టు లేదు, అంతా ఆయన బుర్రలోనే. ఫోన్లో ఫోటో పంపితే తేల్చరు, వస్తువు తేవాల్సిందే. చెరువుల సీజన్లో ఏరియేటర్ల పని ముందు, మన పని తర్వాత, ఆక్సిజన్ అందక రొయ్య పోతుంటే రైతుని ఆపలేరు కదా. రేటు మామూలు హార్డ్‌వేర్ కొట్టు కంటే బాగా ఎక్కువే, బేరం కుదరదు. పొద్దున్నే వెళ్ళండి, పాత బోల్టుతో పాటు అది ఏ బెజ్జంలోంచి తీశారో ఫోటో కూడా పట్టుకెళ్ళండి, మొదట అడిగేది అదే.