ఓలాంజపిన్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటి మానసిక జబ్బుకి ఇచ్చే ఈ మందుల వల్లే నేను ఇవాళ మిషన్ మీద కూర్చుని జాకెట్లు కుట్టుకుంటున్నాను. గొంతులు వినిపిస్తూ, పక్కింటివాళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నారని తలుపులేసుకుని కూర్చున్న స్థితి నుంచి నన్ను బయటికి లాగింది ఓలాంజపిన్. ముందు నిద్ర పట్టింది, తర్వాత మెల్లగా గొంతులు సద్దుమణిగాయి. జబ్బు తగ్గించడంలో దానికి వంక పెట్టలేను.

కానీ ఆ ఆకలి! అన్నం తిని కంచం కడిగేలోపే మళ్లీ ఆకలి, కడుపు నిండిందన్న సంగతే తెలిసేది కాదు. అర్ధరాత్రి లేచి గిన్నెలో మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకుని తినేదాన్ని. మా అత్తయ్య "అమ్మాయి తేరుకుంది, ఒళ్లు చేసింది" అని సంబరపడింది. టేపు ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది కాబట్టి నడుము 30 నుంచి 37కి పోవడం నాకు కళ్లారా కనిపించింది. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితేనే ప్రమాదం కింద లెక్కేస్తారు. తిండి తగ్గించుకోలేవా అని అడిగేవాళ్లకు ఒక్క మాట: ఈ మందు మెదడులో హిస్టమిన్, సెరోటోనిన్ అనే రసాయనాలను అందుకునే గ్రాహకాలు (రిసెప్టర్లు) కొన్నిటిని అడ్డుకుంటుంది, ఆకలి పెరిగేది అందుకే. బరువు పెద్దగా పెరగనివాళ్లకు కూడా షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) పెరగొచ్చు.

ఇదేమీ కొత్తగా తెలిసింది కాదు. ఓలాంజపిన్ లాంటి కొత్త తరం మందులన్నిటి మీదా షుగర్ హెచ్చరిక వేయమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లోనే చెప్పింది. మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలనీ, 4, 8, 12 వారాలకు బరువు, 12 వారాలకు రక్త పరీక్షలు మళ్లీ చూడాలనీ 2004లో అక్కడి డయాబెటిస్, మానసిక వైద్యుల సంఘాలు కలిసి చెప్పాయి. నా మొదటి డాక్టరు నన్ను ఒక్కసారి కూడా తూకం ఎక్కించలేదు, దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. వేరే ఏదో జ్వరానికి రక్తం ఇస్తే అప్పుడు బయటపడింది, షుగర్ బోర్డర్‌లో ఉందని.

తర్వాత రిస్పెరిడోన్‌కి మార్చారు. ఆకలి అదుపులోకి వచ్చింది, కాళ్లతో బాధ మొదలైంది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లు దీన్ని అస్సలు గుర్తుపట్టరు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే మళ్లీ కూర్చోవాలి. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, లోపల్నించి ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. మిషన్ తొక్కుతున్నంతసేపూ కాళ్లు ఆడుతుంటాయి కాబట్టి పర్లేదు, కాజాలు తీయాలన్నా హుక్కులు కుట్టాలన్నా మాత్రం నరకం. మా ఆయన "టెన్షన్ పడకు" అనేవారు. డాక్టరుకి "కంగారుగా ఉంటోందండీ" అని చెప్తే జబ్బు తిరగబెట్టిందనుకుని డోసు పెంచారు, దాంతో కాళ్లు ఇంకా రెచ్చిపోయాయి. దీన్ని అకథీసియా అంటారు. నెలసరి కూడా ఆగిపోయింది, ఇంట్లో విశేషమేమో అనుకున్నారు, తీరా చూస్తే ప్రొలాక్టిన్ (బాలింతలకు పాలు పడేలా చేసే హార్మోన్) పెరిగింది.

రెండో డాక్టరమ్మ నాతో మాట్లాడుతూ నా పాదాలే చూస్తూ కూర్చున్నారు. డోసు తగ్గించి, బీపీకీ గుండెదడకీ కూడా వాడే ప్రొప్రనలాల్ రాశారు (ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు), కొద్ది రోజుల్లోనే స్థిమితంగా కూర్చుని చేతికుట్టు కుట్టగలిగాను. ఈ మందులతో మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు 80 శాతానికి మించి మూసుకుపోతే బిగుతు, వణుకు పెరుగుతాయని స్కాన్లలో తేలిందట, అంటే ఒక హద్దు దాటాక డోసు పెంచితే బాధ పెరగడమే తప్ప మేలు పెరగదు. మీరు డాక్టరు దగ్గర "కంగారు" అని ఊరుకోవద్దు, "కాళ్లు నిలవట్లేదు, ఈ మాత్ర మొదలుపెట్టాకే వచ్చింది" అని విడమరిచి చెప్పండి.

ఓపీ బెంచీ మీద ఒక పెద్దాయన నా పక్కనే కూర్చునేవారు, చాలా ఏళ్లుగా హాలోపెరిడాల్ అనే పాత తరం మందు మీద ఉన్నారు. నోట్లో ఏమీ లేకపోయినా దవడ నములుతూనే ఉండేది, నాలుక కొస బయటికొచ్చి లోపలికి పోయేది. వాళ్లమ్మాయి చేతి రుమాలుతో మాటిమాటికీ మూతి తుడిచేది. అది టార్డివ్ డిస్కినేసియా. నెలలు, ఏళ్లు వాడాక వస్తుంది, కొందరికి మందు ఆపినా పోదు. వణుకుకీ బిగుతుకీ ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ దీనికి పనిచేయదు సరికదా, ఎక్కువ చేయొచ్చు కూడా. దీనికి టెట్రాబెనజిన్ లాంటి మందులు ఉన్నాయి, కాకపోతే మొదట్లోనే పట్టుకుంటేనే మంచిది. అందుకే ఇప్పుడు ప్రతి విజిట్‌లో నా నోరూ వేళ్లూ చూడమని నేనే అడుగుతాను.

ప్రస్తుతం అరిపిప్రజోల్, దాంతోపాటు షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్. మొదట్లో కాళ్లు కాస్త ఇబ్బంది పెట్టాయి, తర్వాత సర్దుకున్నాయి. నెలసరి మళ్లీ వస్తోంది, నడుము 34కి దిగింది, అంతకంటే తగ్గట్లేదు. పొద్దున చురుగ్గా ఉంటుంది, కానీ ఓలాంజపిన్ ఇచ్చిన నిద్ర దీంతో రాదు. మళ్లీ జబ్బు ముదిరితే ఓలాంజపిన్ వేసుకుంటావా అంటే వేసుకుంటాను, ఈసారి మొదటి రోజే రక్త పరీక్షలు రాయించుకుని మరీ.

మాత్రలు మాత్రం ఎవరికి వాళ్లు ఠక్కున ఆపేయకండి, మార్చాలన్నా మెల్లగా మార్పించుకోండి. బాగా జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, మనిషి అయోమయంగా మాట్లాడటం, ఈ మూడూ కలిసొస్తే ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మామూలు సందేహాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.