కమాదో-సాన్: మంట తగ్గించే పనిలేని అన్నం కుండ

జపాన్‌లో వంటకు వాడే మట్టికుండను దొనాబే అంటారు. చలికాలంలో పులుసులు మరిగించే వెడల్పాటి దొనాబే వేరు, అన్నానికే చేసింది వేరు. ఆ రెండో రకంలో బాగా పేరున్నది కమాదో-సాన్. తయారీ మీయె ప్రాంతంలోని ఇగాలో 1832 నుంచి కుండలు కాలుస్తున్న నగతాని-ఎన్ వాళ్లది. ఇది మూడు కప్పుల కుండ గురించి. కప్పంటే జపాన్ బియ్యం కొలత: 180 మిల్లీలీటర్లు, తూకానికి సుమారు 150 గ్రాములు.

ఎత్తి చూస్తే దాదాపు నాలుగు కిలోలు. అడుగు బాగా మందం, దీని పనితనమంతా అక్కడే ఉంది. ఇగా మట్టి ఒకనాటి బివా సరస్సు అడుగున పేరుకున్నది. అందులో చిక్కుకున్న చెట్టూచేమా బట్టీలో కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. అందుకే వేడి నెమ్మదిగా ఎక్కి, నెమ్మదిగా దిగుతుంది. ఎసరు 40–60 డిగ్రీల మధ్య కాసేపు నిలిస్తే బియ్యంలోని ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత చక్కెరగా మారుస్తాయి. ఈ అన్నంలో తియ్యదనం అక్కడిదే. పొయ్యి కట్టేశాక కూడా కుండలో దాచుకున్న వేడికే అన్నం ఉమ్మగిలుతుంది.

జపనీయుల వంటింట్లో పాత మాట ఒకటుంది: మొదట సన్నమంట, నడుమ పెద్దమంట, పసిబిడ్డ ఏడ్చినా మూత తీయకు. మంట సంగతి ఈ కుండ మందమే చూసుకుంటుంది. మూత సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

మూడు కప్పుల పొట్టిగింజ బియ్యాన్ని మూడు నాలుగుసార్లు కడిగి, నీళ్లు పూర్తిగా ఒంపేయండి. కుండలో వేసి 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి 20 నిమిషాలు నాననివ్వండి. మూతలు రెండు. లోపలి మూతకు రెండు రంధ్రాలు, పై మూతకు ఒకటి. పై రంధ్రం లోపలి రెండింటికీ అడ్డంగా, మధ్యలోకి వచ్చేలా తిప్పి పెట్టాలి. ఒకే వరసలో ఉంటే గంజి నేరుగా పైకి తన్నుతుంది. మధ్యస్థం కన్నా కాస్త పెద్ద మంట పెట్టండి. అది అడుగంతా తాకాలి గాని పక్కలకు ఎగబాకకూడదు. 11–13 నిమిషాలకు పై రంధ్రం నుంచి ఆవిరి సన్నగా మొదలై, కాసేపట్లో ధారగా తన్నుకొస్తుంది. ధార కట్టాక ఒకటి రెండు నిమిషాలు ఉంచి కట్టేయండి. కదపకుండా 20 నిమిషాలు వదిలేయండి. ఎర్రటి మాడు చెక్క ఇష్టమైతే మంట మీద ఇంకో నిమిషమో రెండో ఉంచితే చాలు, చక్కటి కమ్మటి వాసనతో వస్తుంది.

పావుగంట దాటినా ఆవిరి రాకపోతే మంట చాలలేదన్నమాట. నాలుగు బర్నర్ల స్టవ్వు మీద చిన్న బర్నర్ దీనికి పనికిరాదు. ఇండక్షన్ పొయ్యి మీద ఇది అసలు వేడెక్కదు.

కొత్త కుండను నేరుగా వాడకండి. ముప్పావు వంతుకు పైగా నీళ్లు పోసి, గుప్పెడు అన్నం వేసి సన్నమంట మీద జావలా కాచి, పూర్తిగా చల్లారాకే కడిగి ఆరబెట్టాలి. గంజి రంధ్రాలను పూడుస్తుంది. మన కొత్త కుండకు గంజి పట్టించే పద్ధతే ఇది. తర్వాతెప్పుడైనా సన్నగా చెమ్మ కారితే మళ్లీ ఇదే చేయండి. కుండ పైన మెరిసే గాజుపూత (గ్లేజు) మీద సన్నటి గీతలు పడటం మామూలే, భయపడకండి.

కుండ పగిలేది ఎక్కువగా మూడు తప్పుల వల్ల: అడుగు తడిగా ఉండగా మంట మీద పెట్టడం, ఖాళీగా వేడిచేయడం, వేడి కుండలో చన్నీళ్లు పోయడం. మొదటిది అందరూ చేసేదే. రంధ్రాల్లో ఉన్న నీరు ఆవిరై మట్టిని చీలుస్తుంది. కడిగాక బోర్లించి, అడుగు పూర్తిగా ఆరనిచ్చి దాచండి. తడి మిగిలితే బూజు వాసన పడుతుంది, అది వదలడం కష్టం. ఒకవేళ మూత పగిలినా విడిగా దొరుకుతుంది, కుండ మొత్తం కొననక్కర్లేదు.

సోనామసూరి వండొచ్చా? అత్తెసరుగా అయితే వండొచ్చు. రెండు కప్పులే వేసి, ఒకటికి ఒకటిముప్పావు చొప్పున నీళ్లతో మొదలుపెట్టి, బియ్యం పాతదనాన్ని బట్టి పెంచుకోండి. గంజి వార్చే ఇళ్లకు మాత్రం ఇది వద్దు. నాలుగు కిలోల వేడి కుండను వంచడం ప్రమాదం. పైగా పులిహోరకు కావలసిన పొడిపొడి మెతుకు వార్చిన అన్నంలోనే బాగా వస్తుంది. కొషిహికారి లాంటి పొట్టి బియ్యం తరచూ తినేవాళ్లు, గ్యాస్ పొయ్యి ఉంటే, ధరకు వెనకాడక్కర్లేదు.