లైబ్రరీ సర్వేకి ప్రచారం: ఏళ్లుగా ఫారం నింపుతున్న స్కాలర్ సమీక్ష

పీజీ, పీహెచ్‌డీ రెండూ ఒకే యూనివర్సిటీలో కావడంతో మా లైబ్రరీ ఏటా పెట్టే యూజర్ సర్వే ప్రచారాన్ని అన్ని అవతారాల్లోనూ చూశాను. మొదట్లో నోటీసు బోర్డు మీద ఒక జిరాక్స్ కాగితం అంటించేవాళ్లు. తర్వాత టేబుళ్ల మీద క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు, వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం లింకు వచ్చాయి. ఆమధ్య లక్కీ డ్రా కూడా పెట్టారు. ఫారంలోని ప్రశ్నలకన్నా ఈ ప్రచారం గురించే ఎక్కువ రాస్తున్నాను. ఎవరి చేత నింపిస్తే వాళ్ల లైబ్రరీయే రిపోర్టులో కనిపిస్తుంది కాబట్టి.

స్టిక్కర్ల సంగతే చూడండి. అవి ఉండేది రీడింగ్ హాల్లో. అక్కడ పొద్దున్నే బ్యాగు పెట్టి సీటు పట్టుకునేది గ్రూప్-2, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు. పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది ఫ్యాను, ప్లగ్ పాయింటు, తాగునీరు, ఎక్కువసేపు తెరిచి ఉండే హాలు. న్యాయమైన కోరికలే. కానీ ఏటా ఫలితాల్లో అవే పైన తేలుతుంటే, ర్యాకుల్లో పుస్తకం దొరక్క తిరిగేవాళ్ల గోడు అడుగున పడిపోతోంది.

ఇంకా అన్యాయమైపోయేది ల్యాబ్ స్కాలర్లు. మా కెమిస్ట్రీ మిత్రులు లైబ్రరీ మెట్లెక్కి ఎన్నాళ్లయిందో! అలాగని వాళ్లు లైబ్రరీ వాడట్లేదా? అందరికన్నా ఎక్కువ వాడేది వాళ్లే, కాకపోతే తెర మీద. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వ పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలయ్యాక 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పరిశోధన జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. హాస్టల్ నుంచి లాగిన్ కాకపోతే వాళ్లకు ఆ రోజు లైబ్రరీ మూసేసినట్టే. ఆ విసుగు టేబుల్ మీది స్టిక్కర్‌కి ఏం తెలుస్తుంది? లింకు పెట్టాల్సింది లాగిన్ పేజీలో.

అన్నిటికన్నా చెత్త ఆలోచన, సర్వేని నో డ్యూస్‌తో, అంటే లైబ్రరీకి బాకీ ఏమీ లేదని పెట్టే సంతకంతో, ముడిపెట్టడం. ఫారం నింపిన స్క్రీన్‌షాట్ చూపిస్తేనే సంతకం అన్నారు ఒక ఏడాది. స్పందనలు వరదలా వచ్చాయి, అన్నీ 'చాలా బాగుంది'. పెళ్లి భోజనం ఎలా ఉందని చెయ్యి కడుక్కుని వెళ్లిపోతున్న బంధువుని అడిగితే వచ్చే జవాబే అది. పైగా హాల్‌టికెట్ నంబరు తప్పనిసరి. సంతకం పెట్టాల్సిన కౌంటర్ మీదే నంబరు రాసిచ్చి మరీ ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది?

విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వచ్చిన ఏడాది మరో గందరగోళం. న్యాక్ వాళ్ల స్టూడెంట్ శాటిస్‌ఫాక్షన్ సర్వే వేరే, అందులో ప్రశ్నలు ఎక్కువగా పాఠాలు చెప్పే తీరు మీద ఉంటాయి. మా దగ్గర రెంటినీ కలిపేసి, 'మన గ్రేడ్ కోసం మంచి మార్కులు వెయ్యండమ్మా' అని క్లాసుల్లో చెప్పారు. అలా అడిగాక వచ్చింది అభిప్రాయమెలా అవుతుంది?

ఫారంలో ఒక్క లోపం మాత్రం చెప్పాలి. అమెరికాలో రిసెర్చ్ లైబ్రరీల సంఘం, టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ కలిసి తయారుచేసిన లిబ్‌క్వాల్ అనే సర్వేలో ప్రతి అంశానికీ మూడు అంకెలు అడుగుతారు: కనీసం ఎంత ఉండాలి, ఎంత ఉంటే బాగుంటుంది, ఇప్పుడు ఎంత ఉంది. లోటు ఎక్కడుందో తెలిసిపోతుంది. మా ఫారం 'సంతృప్తిగా ఉన్నారా' దగ్గరే ఆగిపోతుంది. రాత్రి పన్నెండు దాకా తెరవాలా అని అడుగుతుంది గానీ, అమ్మాయిల హాస్టల్ గేటు అప్పటికే మూసేస్తారని రాయడానికి గడే లేదు.

లక్కీ డ్రా గురించి చెప్పేదేం లేదు. పెన్‌డ్రైవ్ కోసం ఒకడు మూడు మెయిల్ ఐడీలతో నింపాడు.

పనిచేసినది ఒక్కటే, దానికి ఖర్చూ పెద్దగా లేదు. కిందటేడు గేటు రిజిస్టర్ పక్కన ఒక కాగితం పెట్టారు. అంతకుముందు సర్వేలో అడిగినవాటిలో ఏవి అయ్యాయి, ఏవి కాలేదు, ఎందుకు కాలేదు అని పూర్తిగా తెలుగులో. ప్లగ్ పాయింట్లు అయ్యాయి. రాత్రి హాలు కాలేదు, సెక్యూరిటీ పోస్టు మంజూరు కాలేదట. కాలేదని ఒప్పుకున్న ఆ వరస దగ్గరే జనం ఎక్కువ నిలబడ్డారు. సంతకం చేసి పక్కనే ఫోన్ తీసి ఫారం తెరిచినవాళ్లను నేను చూశాను. ఆ కాగితం ఒక అసిస్టెంట్ లైబ్రేరియన్ మేడమ్ సొంత చొరవ అని విన్నాను. రిసెర్చ్ స్కాలర్ల సెమినార్‌కి కూడా ఆవిడే వచ్చి, ఐదు నిమిషాలు అడిగి తీసుకుని, ఫారం ఎందుకో చెప్పి వెళ్లారు. మా బ్యాచ్‌లో అప్పటిదాకా లింకు తెరవనివాళ్లు కూడా ఆరోజు నింపారు.

ఈ ఏడాది ఫారం నెలాఖరు దాకా తెరిచి ఉంటుంది. లాగిన్ పేజీలో లింకు ఇంకా రాలేదు. హాల్‌టికెట్ నంబరు గడికి మాత్రం చుక్క గుర్తు తీసేశారు, ఖాళీగా వదిలినా సబ్మిట్ అవుతోంది.