వగరు కుదిరేదాకా: ఏడేళ్లుగా ఒకే కొండ రెడ్ వైన్

రెడ్ వైన్ గురించి రాసేవాళ్లంతా బ్లాక్‌కరంట్ అంటారు, సీడార్ చెక్క అంటారు. బ్లాక్‌కరంట్ పండు నేను ఇప్పటిదాకా తినలేదు. నాకు తెలిసింది వగరు. మామిడి పిందె కొరికినప్పుడు, గుప్పెడు నేరేడు పళ్లు తిన్నాక, నాలుకను పట్టేసే ఆ వగరు. రిడ్జ్ అనే వైన్ కంపెనీ వాళ్ల మాంటె బెల్లో కొండ వైన్లు ఏడేళ్లుగా కొంటున్నది దానికోసమే. ఇంకా చెప్పాలంటే, అది మెల్లగా మెత్తబడే తీరు కోసం.

మాది కాలిఫోర్నియాలోని సన్నీవేల్. కుపర్టినో దాటి మెలికల రోడ్డెక్కితే తోటలే. 1300 అడుగుల నుంచి 2700 అడుగుల దాకా కొండ వాలునే ఉంటాయి. కింద చెమటలు పడుతున్నా పైన స్వెటర్ వెతుక్కోవాలి. ఆ చల్లదనం వల్లే ద్రాక్షలో పులుపు నిలుస్తుంది. ఎక్కువగా కాబర్నే సావిన్యాన్ రకం ద్రాక్ష, దానికి తోడు మెర్లో, పెటీ వెర్డో, కాబర్నే ఫ్రాంక్ రకాలు, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పద్ధతి. ఒక్కో మడి వైన్‌ను విడిగా చేసి, రుచి చూసి, ఏళ్లు ఆగగలిగే గట్టి వాటిని మాంటె బెల్లోకి, త్వరగా తాగడానికి వీలైనవాటిని ఎస్టేట్ కాబర్నేకి కలుపుతారు.

ఈ తేడా తెలియక 2018లో తప్పు చేశాను. 2015 పంట మాంటె బెల్లో తెచ్చి, అదే వారం మూత తీసి, గుంటూరు కారం దట్టించిన మటన్ కూరతో పోసుకున్నాను. వక్క నమిలినట్టుంది. కారం మీద ఆ వగరు రెట్టింపై, గొంతులో ఆల్కహాల్ మంట మిగిలింది. బావమరిది ఒక గుక్క తాగి, "బావా, దీనికంటే మన నేరేడు రసమే నయం కదండీ" అన్నాడు. వాదించలేకపోయాను.

తర్వాత చదివితే తెలిసింది, ఈ వైన్ కథే అంత. 1976లో పారిస్‌లో జరిగిన పేరున్న పోటీలో 1971 మాంటె బెల్లోకి దక్కింది ఐదో స్థానం. 30 ఏళ్లయ్యాక, 2006లో, ఆనాటి రెడ్ వైన్లనే మళ్లీ రుచి చూస్తే అదే మొదటిది. సరే, ఆగుదాం అనుకుని గరాజ్‌లో ఒక వైన్ ఫ్రిజ్ పెట్టి, దాన్ని 11 సీసాలతో నింపాను. గరాజ్ బాగానే ఉంటుందని అడిగినవాళ్లకల్లా చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

2022 సెప్టెంబర్, లేబర్ డే సెలవులు. ఊళ్లో ఎండ 100 ఫారెన్‌హీట్ దాటింది, మేం ఊళ్లో లేం. తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ లోపల లైటు వెలుగుతూనే ఉంది, మోటార్ మాత్రం చచ్చింది. తలుపు తీస్తే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. వైన్ వ్యాకోచించి బిరడాలను పైకి తోసింది. పై అరలోని మూడు సీసాల మెడ మీద నల్లటి జిగురు కారి ఎండిపోయి ఉంది, చెరుకు పాకం గిన్నె అంచున ఉన్నట్టు. ఒకటి తెరిచాను. ఎండు ద్రాక్ష మరిగించిన వాసన. వగరూ లేదు, పులుపూ లేదు. ఆ ఫ్రిజ్ కంపెనీ పేరు చెప్పను. వారంటీ అయిపోయిందన్నారు, అంతే.

ఏడు సీసాలు వంటింట్లోకి పోయాయి. మటన్ ఊరబెట్టడానికి వాడుతుంటే మా ఆవిడ ధర లెక్కపెడుతూ కలిపేది.

కింది అరలో బిరడా కదలని నాలుగు మిగిలాయి. వాటిలో ఒక 2015ను ఆశ లేకుండానే తీశాను. మొదటి గ్లాసు రుచీ వాసనా బయటకు రాకుండా ముడుచుకుపోయి ఉంది. ఇదీ పోయిందనుకుని, బిరడా పెట్టి మామూలు ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయాను. మూడో రోజు రాత్రి, కారం లేని మిరియాల మటన్ వేపుడు ఉందని బయటకు తీశాను. నాలుగేళ్ల క్రితం వక్కలా పట్టేసినది, ఇప్పుడు నేరేడు పండు తొక్కలా సన్నగా నాలుక అంచున నిలబడి, మాంసం కొవ్వు తగలగానే జారిపోయింది. మింగాక చాలాసేపు నోట్లో చల్లగా, తడి మట్టిలా ఏదో ఉంది. అప్పుడు మాతో ఉన్న అమ్మ (తాగదు) గ్లాసు వాసన చూసి, "నేరేడు బుట్టలో కొబ్బరిచిప్ప పెట్టినట్టుంది రా" అంది. బోర్డోలో ఫ్రెంచి ఓక్ పీపాలు వాడితే, వీళ్లు ఎక్కువగా అమెరికన్ ఓక్ వాడతారు. కొబ్బరి వాసన దాన్నుంచే. అమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ కొబ్బరి వాసనను నేను మొదట్లో తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు లేత సీసాల్లో అది కాస్త ముందుకొచ్చి కూర్చున్నట్టనిపిస్తుంది. ఎనిమిదేళ్లు దాటితేనే సర్దుకుంటుంది. అదే కొండ మెర్లో వైన్, ఎస్టేట్ మెర్లోకి ఒకప్పుడు 10కి 9 ఇచ్చాను, ఇప్పుడు 7. వైన్ మారలేదు, నా నోరు వగరుకు అలవాటు పడింది. ఎస్టేట్ కాబర్నేకి 8. మాంటె బెల్లోకి 9, అదీ ఆగగలిగితేనే; లేతగా తాగితే నా లెక్కలో 6. 2011 పంట నుంచీ సీసా వెనక లేబుల్ మీద ద్రాక్ష, గంధకంతో సహా ఏమేం వేశారో రాస్తున్నారు. పచ్చడి సీసా మీద చదివినట్టు చదువుకోవచ్చు, అది నాకు నచ్చింది.

సీసా 200 డాలర్లు దాటాక మాంటె బెల్లో కొనమని ఎవరికీ చెప్పలేను. మాకు కొండ దగ్గర, నేనొక్కడినే తాగుతాను, సీసా మూడు రోజులు నిలుస్తుంది. రోజూ కారం కూరే వండే ఇంట్లో, నలుగురు కూర్చుని ఒక్క రాత్రిలో ఖాళీ చేసేట్టయితే ఎస్టేట్ కాబర్నే చాలు, దాన్నయినా రెండు గంటల ముందు జగ్గులో పోసి ఉంచండి. నా దగ్గర మిగిలిన మూడూ ఇప్పుడు పడకగది అలమరాలో, సూట్‌కేసుల వెనక పడుకుని ఉన్నాయి. ఆ చోటు ఖాళీ చెయ్యమని మా ఆవిడ వారానికోసారి అడుగుతోంది.